జోయెల్ డబ్బా, నా కిడ్నీలు

అందరు జర ముందుకు జరుగుండ్రి. మార్తక్కా, ఫ్యాన్ కింద కూసున్నది చాలు, ఇట్ల నా పక్కకు రా. పోయిన నెల నా కిడ్నీల కోసం మూడు రోజులు పస్తులున్నోళ్లు చేతులెత్తుండ్రి. అబ్బో, ఇంతమందా! దించుండ్రి తల్లీ, దించుండ్రి. నాకు సిగ్గుగ ఉంది.

ముందుగాలనే చెప్తున్న. నా కిడ్నీలు మంచిగున్నయి. దేవునికి స్తోత్రం! ఆగుండ్రి, అప్పుడే చప్పట్లు కొట్టకుండ్రి. మొత్తం విన్నంక చప్పట్లు కొడతరో, నన్నే కొడతరో మీ ఇష్టం.

ప్రతి శుక్రవారం ఎల్బీనగర్ నుంచి ఆటోల ఈ నాగోల్ ప్రార్థన కూడికకు వస్త. సాక్ష్యం చెప్పమంటే ఈ సుగుణ మైకు ఇడ్వదని మీకెరుకే. అయినా గీ ముచ్చట మాత్రం ఇన్ని రోజులు మింగి కూసున్న.

సంగతేందంటే, మూడు నెలల కింద దిల్‌సుఖ్‌నగర్ల మా డాక్టరమ్మ నా రిపోర్టు చూసి కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టింది. డాక్టరు కళ్లద్దాలు తీసిందంటే నాకు భయం. "సుగుణమ్మగారూ, షుగర్ సరిగ్గా గీత మీద ఉంది. లివర్‌కి కొవ్వు పట్టింది. నడుము చుట్టూ తగ్గకపోతే మాత్రలు తప్పవు" అన్నది. ప్లేట్ల అన్నం సగం తీసేసి, ఆ జాగల పప్పు, గుడ్డు, చేప, పెరుగు పెట్టుకోమన్నది. ప్రోటీన్ తింటే ఆకలి తొందరగ కాదట. బరువు తగ్గేటప్పుడు కండ కరగకుండ కాపాడుతదట.

దాంట్ల సగం మాటే నాకు ఎక్కింది. ఏ సగమో తెల్సా? పెట్టుకోమన్న సగం! తీసెయ్యమన్న సగం మెట్రో మెట్ల మీదనే వదిలేసి ఇంటికొచ్చిన.

అన్నం ఎప్పటంతే. దాని పక్కన పప్పు, దాని మీద రెండు గుడ్లు, ఆ పక్కన చికెన్, సాయంత్రం ఉడకబెట్టిన శెనగలు. మా ఆయన దానియేలు చూసి చూసి, "ఏందే, ఇది డైటింగా, దావతా?" అన్నడు.

"డాక్టరమ్మ చెప్పింది. నువ్వు నీ ప్లేటు చూస్కో" అన్న.

ఇంతటితో ఆగితే మనం సుగుణ ఎట్లయితం? మా కొడుకు జోయెల్ రోజు పొద్దున జిమ్ముకు పోతడు. వంటింట్ల పై అరల వానివి రెండు డబ్బాలుంటయి. పెద్దదాంట్ల ప్రోటీన్ పొడి. చిన్నదాంట్ల ఇంకో తెల్ల పొడి.

"గీ చిన్న దాంట్ల ఏముందిరా?" అని అడిగిన.

"క్రియాటిన్ అమ్మా. అమైనో యాసిడ్ల నుంచి మన ఒళ్లే తయారు చేసుకుంటది. కండకు బలం."

"మరి ప్రోటీను?"

"అది కడుపుల అరిగి ముక్కలైతే అమైనో యాసిడ్లే అయితయి."

ఓహో, అనుకున్న. అంటే పెద్ద డబ్బా పచ్చి పప్పు, చిన్న డబ్బా వండి వార్చిన పప్పు! నడుమల నా కడుపుకు కష్టం ఎందుకు? సీదా చిన్న డబ్బానే పట్టుకుంట!

వాన్ని అడగొచ్చు గదా? అడిగితే "అమ్మ బాడీ బిల్డర్ అయితదట" అని వాళ్ల నాయినతోని కలిసి వారం నవ్వుతడు. అందుకే వాడు బయటికి పోయేదాక ఆగేదాన్ని. వాక్యం చదువుకునేదాన్ని. కండ్లు మూసుకొని ప్రార్థన చేసుకునేదాన్ని. ఆమెన్ అని లేసి, పోయి కొడుకు డబ్బా మూత తీసేదాన్ని! లోపల ఒక స్కూపు ఉంది, పసిపిల్లల మందు మూతంత. ఇంత ఒళ్లుకు అది ఏ మూలకు? అన్నం తినే చెంచతోని గోపురం లెక్క తీసి, నీళ్లల్ల కలిపి గటగట తాగిన. మూడు వారాలు!

కాటా ఎక్కితే రెండు కిలోలు పెరిగిన. కండ వచ్చుంటదని అద్దం ముందర చెయ్యి మడిచి గూడ చూస్కున్న.

మళ్ల రక్తపరీక్ష సోమవారం పడ్డది. ముందు రోజు ఆదివారం. ఆదివారం మా ఇంట్ల మటన్ కూర ఎంత పెద్ద గిన్నెల వండుతనో తిన్నోళ్లు ఇక్కడ ఉన్నరు. ఇగ రిపోర్టు రాంగనే డాక్టరమ్మ మళ్ల అద్దాలు తీసింది.

"కిడ్నీలు ఎలా పని చేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ ఎక్కువొచ్చింది. మీరు పొడులు, నాటు మందులు ఏమైనా వాడుతున్నారా?"

మా ఆయన పక్కనే కూసున్నడు. కొడుకు డబ్బా దొంగతనంగ తాగుతున్న అని గాయన ముందర ఎట్ల చెప్పాలె? "లేదు డాక్టరమ్మా, ఏం లేదు" అన్న. ఇక్కడ గంటసేపు సాక్ష్యం చెప్పే నోరు, అక్కడ ఒక్క ముక్క చెప్పలే!

మా పెద్దక్క డయాలసిస్ కోసం వారానికి మూడు సార్లు దవాఖానకు పోయొచ్చి గోడకు ఒరిగి కూసునేది. అవే రోజులు నా కండ్ల ముందర తిరిగినయి. నిజంగ భయపడ్డ. ఆటోల ఏడుస్తనే మన వాట్సాప్ గ్రూపుల ప్రార్థన మనవి పెట్టిన. మీరందరు ఉపవాసం పట్టిండ్రు. మన కృపావతిగారు ఫోన్ చేసి, "బెంగ పెట్టుకోకండి సుగుణగారూ, మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టను" అన్నరు.

ఆ మూడు రోజులు నేనేం చేసిన్నో చెప్పాల్నా? కిడ్నీలకు బలం కావాలె గదా అని ఇంకో అర చెంచ ఎక్కువేస్కున్న!

మూడో రోజు మీరంత మా ఇంటికొచ్చిండ్రు. పాస్టరయ్యగారు నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "తండ్రీ, ఈ సహోదరి రోగానికి దాగున్న కారణమేదో ఇప్పుడే బయటపెట్టు" అని ప్రార్థిస్తున్నరు. సరిగ్గ అప్పుడే వంటింట్ల నుంచి జోయెల్ కేక!

"అమ్మా! నా క్రియాటిన్ డబ్బా ఎవలు ఖాళీ చేసిండ్రే?"

ఇంత జల్ది జవాబొచ్చిన ప్రార్థన నా బతుకుల చూడలే. నేను కండ్లు తెరవకుండ, వాని గొంతు మునిగేటట్టు "ఆమెన్!" అని ఒర్లిన. మీరు గూడ ఒర్లిండ్రు. "పాపం, పిల్లాడికి ఆకలేస్తున్నట్టుంది" అన్నరు కృపావతిగారు. నేను అవునన్న! ఆమె మూడు రోజుల నుంచి తినలే, ఆకలి మా వానికట!

మీరు పోయినంక వానికి అంత చెప్పిన. వాడు నవ్వలే. "ముందు డాక్టర్‌కు చెప్పుపో అమ్మా" అన్నడు.

తెల్లారి డబ్బాను సంచిల పెట్టుకొని ఎల్బీనగర్ మెట్రో స్టేషన్‌కు పోయిన. సంచి చెకింగ్ మిషన్లకెళ్లి బయటికి రాంగనే సెక్యూరిటీ అమ్మాయి ఆపింది. మూత తీస్తే అడుగున తెల్ల పొడి. "ఏందమ్మా ఇది?"

"నా తప్పు బిడ్డా, డాక్టరమ్మ దగ్గర ఒప్పుకునేటందుకు పోతున్న" అన్న. పాపం ఏమనుకున్నదో, దండం పెట్టి పంపించింది.

డాక్టరమ్మ ముందర డబ్బా పెట్టి, చెంచ నుంచి మటన్ దాక అంత ఒప్పుకున్న. ఆమె డబ్బా చూసింది, నన్ను చూసింది. "క్రియాటిన్ ఒంట్లో అరిగితే వచ్చేదే క్రియాటినిన్. చెంచాలు చెంచాలు తాగి, పైన మటన్ తింటే రిపోర్టులో పెరగదా? ఆ రెండు కిలోలు కూడా కండ కాదు, సగం నీళ్లు, సగం మీరు తగ్గించని అన్నం! ఇది ఆపండి. రెండు వారాలకి మళ్లీ పరీక్ష చేద్దాం. అప్పటిదాకా నేనేమీ తేల్చి చెప్పను."

ఆ రెండు వారాలు నాకు రెండేండ్ల లెక్క గడిచినయి. మొన్న రిపోర్టొచ్చింది. డాక్టరమ్మ అద్దాలు తియ్యలే! అంత మామూలే అన్నది. బయట మెట్ల మీద కూసొని, పోయేటోళ్లంత చూస్తుంటే ఏడ్సిన, నవ్విన, స్తోత్రం చెప్పిన. షుగర్ ఇంకా గీత మీదనే ఉంది గాని, ఇప్పుడు అన్నం నిజంగనే సగమైంది.

ఇగ నేనడిగేది ఒక్కటే. డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు, ఇంట్ల మీరు తాగే పొడి, మింగే మాత్ర, దాచిన డబ్బా, అన్ని ఒక సంచిల ఏస్కొని పోయి టేబుల్ మీద పెట్టుండ్రి. పక్కన మొగుడున్నా సరే, అత్తున్నా సరే! ఇది యాదుంచుకోండ్రి, చెయ్యుండ్రి, పక్కింటోళ్లకు గూడ చెప్పుండ్రి.

ఉపవాసానికి మాత్రం ఫలితం లేకపోలే. కృపావతిగారు కిలోన్నర తగ్గిండ్రట, జాకెట్లు వదులైనయట. నా కోసం మీరంత తగ్గిండ్రు. పెరిగింది నేనొక్కదాన్నే!