అడుగు పొరదాకా వెలుగు

పోయిన బుధవారం తెల్లవారుజామున మా చెల్లెలు, దంతవైద్యురాలు వసుంధర నిద్రలోనే వెళ్లిపోయింది. ఆమె దగ్గర పనిచేసే మస్తానమ్మ ఫోను చేసి ఏడుస్తూ చెబితే, "ఎన్ని గంటలకు?" అని అడిగాను. నాకంటే ఏడేళ్లు చిన్నది. వరస ప్రకారం వెళ్లవలసినదాన్ని నేను.

సూళ్లూరుపేటలో ఆమె నడిపిన చిన్న పంటి ఆసుపత్రిలో, లెక్కల టీచరుగా రిటైరైన నాటినుంచి ఉదయం పూట నేను కూర్చునేదాన్ని. వచ్చినవాళ్లను వరసగా పిలవడం నా పని. లోపలి గది కిటికీకి మందపాటి తెర ఉండేది. వెలుతురు తగిలితే పంటి గుంటలో పెట్టే ముద్ద ముందే బిగుసుకుంటుందని. ఆ మసకలో, ముద్దను గట్టిపరిచే నీలి దీపం వెలిగిందంటే పులికాట్ సరస్సు నీళ్ల అడుగున కూర్చున్నట్టుండేది. కళ్లకు అడ్డం పెట్టుకున్న నారింజ రంగు పలక వెనక చెల్లెలి ముఖం, ఎక్కడో దూరపు ఒడ్డున పొద్దు గుంకుతున్నట్టు కనిపించేది. ఎవరూ మాట్లాడేవారు కాదు. నోరు తెరుచుకున్న రోగి కూడా కలలో ఉన్నట్టే ఉండేవాడు.

ఆ ముద్ద ఎలా గట్టిపడుతుందని ఒకసారి అడిగాను.

"అందులో అణువులు విడివిడిగా ఉంటాయక్కా. నీలి వెలుగు తగలంగానే ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుంటాయి. పట్టుకున్నాక వదలవు."

"మరి గుంటంతా ఒకేసారి నింపేస్తే పోదా?"

"వెలుగు రెండు మిల్లీమీటర్లు దిగితే గొప్ప. అంతకంటే మందంగా పెడితే పైన రాయి, అడుగున పచ్చి."

అందుకే ఒక పల్చటి పొర, దానిమీద వెలుగు. మళ్లీ పొర, మళ్లీ వెలుగు. బయట ఎవరెంత తొందరపెట్టినా ఆమె చేతి వేగం మారేది కాదు.

రెండేళ్ల కిందట, కార్తీకమాసం వానల్లో, ఒక మధ్యాహ్నం ఆమె కొంచెం ముద్దను చిన్న గొట్టంలో కూరి, దీపం పెట్టి, బయటికి తోసి, అడుగు భాగం గీరి చూసింది. మైనంలా లేచివచ్చింది. దీపం నీరసించింది. కంటికి మాత్రం ఎప్పటి నీలమే. దసరాకు ముందు ఇలాగే చూసినప్పుడు బాగుంది. ఆ తరువాత నింపిన పళ్లన్నీ అనుమానమే.

"కొత్త దీపం తెప్పించి అందర్నీ పిలుద్దాం మస్తానమ్మా. తీసి మళ్లీ పెట్టాలి."

మస్తానమ్మ నెత్తి కొట్టుకుంది. "ఏందమ్మా మీరు! ఒక్కరన్నా నొప్పని వచ్చినారా? ఎదురుగా కొత్త డాక్టరు బోర్డు కట్టుండాడు. మన పని చెడిందని మనమే చాటుకుంటే ఇంక ఈడ ఈగలు తోలుకోవాల్సిందే."

"నొప్పి వచ్చేదాకా ఆగితే పన్నే పోతుంది కదే."

ఫోన్లన్నీ వసుంధరే చేసింది. సరస్సు పక్క ఊరినుంచి చేపలమ్మే చెంగమ్మ వచ్చి కుర్చీలో కూర్చుని దబాయించింది.

"బాగుండే పన్ను ఎందుకు తవ్వతావు తల్లీ? నిన్ననే రొయ్య తలకాయ కొరికినా."

"పైన గట్టిగానే ఉండాది చెంగమ్మా, కింద లేదు. దీపం చూసుకోకపోవడం నా తప్పు."

"తప్పని చెప్పే డాక్టర్ని ఇప్పుడే చూస్తాండా," అని నవ్వి నోరు తెరిచింది.

అందరూ అలా నవ్వలేదు. కొందరు తిట్టారు. కొందరు ఎదురు డాక్టరు మెట్లెక్కారు. చాలాకాలం మా బెంచీలు ఖాళీగా ఉన్నాయి. వసుంధర తెర పక్కకు జరిపి వాన చూస్తూ కూర్చునేది.

"భయంగా ఉందా?" అన్నాను.

"ఉంది. కానీ నిద్ర పడతా ఉందక్కా."

జనం మళ్లీ రావడం ఎప్పుడు మొదలుపెట్టారో నేను కచ్చితంగా చెప్పలేను. వేసవి వచ్చేసరికి బెంచీలు చాలలేదు.

నిన్న ఆ గది తాళం తీయించాను. చెంగమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. పన్ను ఇబ్బంది పెడుతోందేమోనని, ఎదురు డాక్టరుకు చూపించుకోమన్నాను.

"ఇబ్బందేం లేదక్కా. ఏదన్నా తేడా ఉంటే డాక్టరమ్మే పిలస్తాదిలే అని ఇన్నాళ్లూ నిమ్మళంగా తింటాండాను. ఇంక పిలిచేదెవురు?"

అక్క చెల్లెలికి నమస్కారం పెట్టడం మా ఇళ్లలో లేదు. ఆమె ఖాళీ కుర్చీ ముందు నిలబడి పెట్టాను.