అత్తయ్య పేరున్న ఈగ

మా బంధువుల్లో ఎవరూ మావయ్యని పేరుతో పిలవరు. అందరికీ ఆయన ఈగల మావయ్య. మ్యూజియంలో కీటకాల విభాగంలో, అందులోనూ ఈగల గదిలోనే, ఆయన ఉద్యోగమంతా గడిచింది. "ఏం చేస్తున్నావు బావా?" అని మా నాన్న అడిగితే "ఏముంది, ఈగలు తోలుకుంటున్నా" అని తానే ముందు నవ్వేసేవాడు. ఎదుటివాళ్ళు నవ్వేలోపు మనమే నవ్వేస్తే అంత గుచ్చుకోదని ఆయన నమ్మకం.

ఆయన ప్రాణమంతా ఒక్క రకం ఈగల మీద. హోవర్‌ఫ్లై అంటారు. ఒంటి మీద పసుపు పట్టీలతో అచ్చం కందిరీగలా ఉంటుంది గానీ కుట్టదు. పువ్వు ముందు గాలిలో ఉన్నచోటే నిలబడి ఉంటుంది, రెక్కలు ఆడుతున్నట్టే తెలియదు. వాటిని సన్నటి సూదికి గుచ్చడం, ఎక్కడ దొరికాయో చీటీ రాయడం, చెక్క సొరుగుల్లో సర్దడం ఆయన పని. ఎవరెవరో కనిపెట్టిన ఈగల్ని సర్దుతూనే జుట్టు నెరిసింది. తాను కనిపెట్టింది ఒక్కటీ లేదు. ఆ మాట ఎప్పుడూ పైకి అనలేదు గానీ, ఎవరికో కొత్త ఈగ దొరికిందన్న కబురు వచ్చిన రోజు భోజనం సగంలో లేచిపోయేవాడు.

అత్తయ్యది కాలేజీ ఎదురుగా జిరాక్స్ దుకాణం. ఇంట్లో ఫ్రిజ్‌లో పాల గిన్నె పక్కనే ఈగల డబ్బాలు ఉండేవి. "బతికున్నవాటిని నేను తోలతాను, చచ్చినవాటిని ఆయన చూసుకుంటారు, మా కాపురం ఇలా పంచుకున్నాం" అనేది. అంతకు మించి సణిగేది కాదు. నేనైతే ఆ డబ్బాలు ఎప్పుడో వీధిలోకి విసిరేసేదాన్ని.

ఒక వానాకాలం మావయ్య కొండవాలులో ఈగలు పడుతుంటే కుండపోతగా కురిసింది. తడిసి ముద్దై బసకి చేరి, ఒళ్ళు కాలిపోతుంటే సంచి మూలకి విసిరి పడుకున్నాడు. మర్నాడు విప్పి చూస్తే సీసాలో మూడు ఈగలు. పసుపు ఉండాల్సిన చోట ఇటుక రంగు పట్టీలు! అలాంటివి ఏ సొరుగులోనూ లేవు, ఏ పుస్తకంలోనూ లేవు.

తర్వాత నెలల తరబడి ఆయన మైక్రోస్కోపు మీంచి తల ఎత్తలేదు. కంటి మీద నూగు ఎంత, రెక్కలో నరం ఎక్కడ వంగింది, వెనక కాలి మీద ముళ్ళు ఎలా ఉన్నాయి, ఒక్కొక్కటీ కొలిచి, బొమ్మ గీసి, వర్ణన రాశాడు. అన్నీ ఒక పాత జాతితో ఇంచుమించు కలిసిపోతున్నాయి. ఆ ఇంచుమించుని ఆయన పట్టించుకోలేదు. వర్ణన పంపిన శాస్త్ర పత్రికవాళ్ళ తరఫున చదివినాయన ఒకే ఒక్క ప్రశ్న వేశాడు: "ఈ ఎరుపు ఈగ బతికుండగా ఉన్న రంగేనా?" మావయ్య "అవును" అని రాసి పంపాడు. బతికున్న ఎర్ర ఈగని ఆయన చూసిందే లేదు.

కొత్త జాతికి అత్తయ్య పేరు పెట్టాడు. ఆమెని పట్టలేకపోయాం. ఈగ బొమ్మని పెద్దది చేసి, కింద పేరు రంగుల్లో వేసి, లామినేషన్ చేయించి కౌంటరు వెనక తగిలించింది. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఒక్కో కాపీ చేతిలో పెట్టేది. "కరెంటు బిల్లులో నా పేరు ఇప్పటికీ తప్పే. ఈగ మీద మాత్రం ఒక్క అక్షరం పోలేదు" అని మురిసిపోయేది. మ్యూజియంలో పై అధికారి కూడా మావయ్యకి కుర్చీ చూపించి మాట్లాడటం మొదలుపెట్టాడు.

మరుసటి ఏడు పూలు పూసే రోజుల్లో అత్తయ్య పట్టుబట్టింది. "నా ఈగని బతికుండగా నాకు చూపించరా?" అంది. నేనూ వెంట వెళ్ళాను. కొండ మీద పూల దగ్గర ఈగలు బోలెడున్నాయి. అన్నీ పసుపువే. అత్తయ్య ఒక్కో పొద దగ్గర వంగి "ఏమండీ, ఇది కాదా? పోనీ ఇది?" అని అడుగుతూనే ఉంది. మావయ్య ఒక్కోదాన్నీ చూసి తల అడ్డంగా ఊపాడు. చివరికి ఒకదాన్ని పట్టి సీసాలో వేశాడు. బసకి వచ్చాక దాన్ని బయటికి తీయలేదు. కిటికీ గట్టు మీద అలాగే వదిలేశాడు.

పొద్దున నేను పళ్ళు తోముకుంటుంటే అత్తయ్య కేక వినిపించింది. సీసా రెండు చేతులతో పట్టుకుని వెలుగులో తిప్పుతోంది. "దొరికిందే అమ్మాయ్! నిన్న పట్టి కూడా చెప్పలేదు చూడు, నన్ను ఏడిపించాలని! ఎంత ఎర్రగా, ఎంత ముద్దుగా ఉందో!" మావయ్య మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేదు. "ఇదేగా నా ఈగ?" అని ఆమె అడిగితే "ఊ" అన్నాడు. తిరుగు ప్రయాణంలో అత్తయ్య పక్క సీటావిడకి సీసా చూపించి కథంతా చెప్పింది. మావయ్య దారి పొడుగునా కిటికీ వైపు తిరిగే ఉన్నాడు. జ్వరమేమో అనుకున్నాను.

ఆ తర్వాత ఆయన దుకాణం ఛాయలకి వెళ్ళడం మానేశాడు. మ్యూజియం నుంచి వెనక సందులోంచి ఇంటికి వచ్చేవాడు. ఎవరైనా అభినందిస్తే తప్పు చేసిన పిల్లాడిలా చెప్పుల వైపు చూసుకునేవాడు. ఒక రోజు మా ఇంటికి వచ్చి, నీళ్ళు కూడా తాగకుండా చెప్పేశాడు.

ఈగల్ని చంపే సీసా అడుగున విషం ఉంటుంది. కదలిక ఆగగానే ఈగని తీసేయాలి. అలాగే ఉంచేస్తే ఆ విషానికి పసుపు కాస్తా ఎర్రబడుతుంది. ఆ వాన రోజు జరిగింది అదే. రెండోసారి పట్టినదాన్ని రాత్రంతా సీసాలో ఉంచి చూసింది అది తేల్చుకోవడానికేనట.

"ఇది మీకు తెలియదా మావయ్యా?" అన్నాను.

"కొత్తగా చేరినవాళ్ళకి నేను చెప్పే మొదటి పాఠమే అది," అన్నాడు. రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. "వాళ్ళకి చెప్పి చెప్పి నోరు అరిగిపోయింది. నా దాకా వచ్చేసరికి గుర్తు రాలేదు. రానివ్వలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నానే."

తప్పు ఒప్పుకుంటూ పత్రికకి రాయాలట. రాసినా అత్తయ్య పేరు చెరిగిపోదట. ఆ శాస్త్రంలో ఒకసారి పెట్టిన పేరుని కొట్టేయడం లేదు. అసలు పేరు కింద, చెల్లని పేరుగా, ఎప్పటికీ పడి ఉంటుంది. "మీ అత్తయ్యకి నువ్వు చెప్తావా?" అని అడిగాడు.

నాకు ఒళ్ళు మండింది. "నేనెందుకు చెప్పాలి? ఊ అన్నది మీరు. తోడు కావాలంటే వస్తాను, అంతే," అన్నాను.

మేం వెళ్ళేసరికి అత్తయ్య ఎవరివో సర్టిఫికెట్లు కాపీ తీస్తోంది. మావయ్య కౌంటరుకి ఇవతలే, గిరాకీలా నిలబడి, తడబడుతూ మొత్తం చెప్పాడు. మిషన్ మూత ఎత్తినది ఎత్తినట్టే పట్టుకుని ఆమె వింది.

"బొమ్మ దించేస్తాను," అన్నాడు చివర్లో.

"ముట్టుకోవద్దు," అంది అత్తయ్య. "పొరపాటు ఎవరైనా చేస్తారు. నా పేరు చెల్లకపోతే పోనీండి, ఇన్నాళ్ళూ చెల్లి ఏం ఉద్ధరించింది? ఆ పొద్దున సీసా పట్టుకుని నేను చిన్నపిల్లలా గంతులేస్తుంటే, కాదని తెలిసి కూడా ఊ అన్నారే. బస్సులో ఆవిడకి చూపిస్తుంటే నోరు కుట్టేసుకుని కూర్చున్నారే. అంత వెర్రిదాన్ని చేశారు నన్ను." కళ్ళు తుడుచుకుని మూత దించింది. "ఈ బొమ్మ గురించి ఇన్నాళ్ళూ నేను చెప్పాను. ఇకనుంచి సాయంత్రాలు వచ్చి మీరు చెప్పండి."

మావయ్య పత్రికకి ఉత్తరం రాశాడు. అది అచ్చయ్యాక పై అధికారి కుర్చీ చూపించడం మానేశాడు. సాయంత్రాలు ఆయన దుకాణానికి వస్తున్నాడు.

మొన్న నేను అక్కడుండగా ఒకాయన కాపీల కోసం నిలబడి గోడ వైపు చూశాడు. "ఈ ఎర్ర ఈగ ఏంటండీ?"

మావయ్య లేచి నిలబడ్డాడు. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా కూర్చుని చెప్పలేడు. "అది ఎర్రది కాదండీ. మామూలు పసుపు ఈగే. విషం సీసాలో ఎక్కువసేపు ఉంచితే అలా అవుతుంది. మర్చిపోయి ఉంచింది నేనే, కొత్త జాతని రాసిందీ నేనే. దానికి పెట్టింది మా ఆవిడ పేరు." చెవులు కందిపోయాయి. అడిగినాయన పాపం ఎటు చూడాలో తెలియక కాగితాలు సర్దుకున్నాడు.

మావయ్య కూర్చోబోయాడు. మిషన్ దగ్గర్నుంచి తల తిప్పకుండానే అత్తయ్య అంది, "ఇంకోటి మిగిలింది."

ఆయన మళ్ళీ నిలబడ్డాడు.

"తెలిసిన రోజున ఆమెకి చెప్పలేదండీ," అన్నాడు.