కదిలే చెయ్యి

ఆ పెళ్ళి వీడియో పాడుచేసింది నేనేనని అప్పుడు చెప్పలేదు. నింద సారపాక స్టూడియోలో మాతో పనిచేసే, నేను చెల్లె అని పిలిచే ఎడిటర్ మీద పడింది.

నేను కెమెరామెన్‌ని. ఏ ఫుటేజీ తెచ్చినా ఆమె ముందుగా కదిలే చెయ్యి వెతికి, అక్కడ ఆపి, తెరకు ముక్కు ఆనేంతగా వంగేది. చేతి అంచున దువ్వెన పళ్ళలాంటి గీతలుంటే బొమ్మను రెండు సగాలుగా తీసిన ఇంటర్‌లేస్డ్. లేకుంటే నిండుగా తీసిన ప్రోగ్రెసివ్.

ఒకసారి పెళ్ళివారి ముందే నాది ప్రోగ్రెసివ్ అని బల్లగుద్ది చెప్పాను. ఆమె పకపకా నవ్వింది.

"ఏందన్నా, నిలబడ్డ పాస్టర్‌ను చూసి చెప్తున్నవా? ఉంగరం తొడిగే చెయ్యి చూడు. ఇన్నేండ్ల సంది కెమెరా మోస్తున్నవ్, గిది తెల్వదా?"

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఒకసారి చూసి పెట్టింది ఆమె మళ్ళీ చూడదని నాకు తెలుసు. ఆమె భోజనానికి లేవగానే సాఫ్ట్‌వేర్‌లో ఆమె ఇంటర్‌లేస్డ్ అని పెట్టిన సెట్టింగును ప్రోగ్రెసివ్‌గా మార్చేశాను.

చర్చి హాల్లో పెద్ద తెర మీద వీడియో వేస్తే, పెళ్ళికూతురి చెయ్యి కదిలినప్పుడల్లా దువ్వెన పళ్ళు లేచాయి. ఓనర్ ఆమెను తిడుతుంటే నా కడుపు చల్లబడింది.

"నేను చూసే పెట్టిన సార్" అని ఎంత మొత్తుకున్నా వినకుండా పనిలోంచి తీసేశాడు.

మొన్న ఓనర్‌కు నిజం చెప్పి, బూర్గంపాడులో ఆమె ఇంటికి వెళ్ళాను. ఆమె నా ముఖం చూడలేదు. దండం పెట్టబోతూ కదిలిన నా చేతులనే చూసింది.

"నువ్వు సరిగ్గనే పెట్టినవ్ చెల్లె. కావాలని మార్చింది నేను. నన్ను క్షమించు."