పోలింగుకూ లెక్కింపుకూ మధ్య

త్రిపురాంతకం బస్టాండు దగ్గర నాకు జిరాక్సు, డీటీపీ దుకాణం ఉంది. ఎంపీటీసీ ఎన్నికలప్పుడు పక్క ఊరి అక్క ఒకామె కరపత్రం వేయించుకోవడానికి వచ్చింది. ఏ పార్టీ తరఫునా కాదు, సొంతంగా నిలబడింది.

‘‘నా గురించి ఏం రాస్తావో రాయి తమ్ముడా’’ అంది. ‘ప్రజాసేవకు అంకితమైన ధీరవనిత’ అని టైపు చేసి చదివి వినిపించాను. ఆమె నవ్వలేదు.

‘‘ఆ ధీరవనిత ఎవురు? తీసెయ్యి. పదేళ్ల వయసప్పటి నుంచి మార్కాపురం పలకల గనుల్లో రాళ్లు మోసినానని రాయి. మా ఆయన ఆ దుమ్ము పీల్చే పోయినాడని రాయి. ఇప్పుడు ఉపాధి పనుల్లో కూలీల హాజరు రాసే మేటుగా ఉండానని రాయి.’’

తర్వాత ఏమేం చేస్తానో చెప్పింది. ఫ్లోరైడు ఉన్న బోరు నీళ్లు తాగి ఊళ్లో మోకాళ్లు వంకరపోతున్నాయి కాబట్టి, రోజూ మంచినీళ్ల ట్యాంకరు వచ్చేలా చూస్తుంది. కాలేజీకి పోయే ఆడపిల్లల కోసం పొద్దున్నే మార్కాపురానికి బస్సు అడుగుతుంది. అంతే.

‘‘రోడ్డు సంగతి కూడా వేద్దామా అక్కా?’’

‘‘వద్దు. రోడ్డు నా చేతిలో ఏముంది? చెయ్యలేంది రాపిస్తే రేపు వాళ్ల ముఖం ఎట్ల చూసేది?’’

పోలింగు జరిగింది. కోర్టు కేసు వల్ల లెక్కింపు ఆగింది. పెట్టెలు మార్కాపురంలో సీలు వేసి ఉండగానే కరోనా రెండోసారి విరుచుకుపడింది. అక్కకు ఆయాసం ఎక్కువై ఒంగోలు తీసుకుపోతుంటే పొదిలి దాటకముందే ప్రాణం పోయింది. వాళ్ల చర్చి పాస్టరు, నలుగురు మగవాళ్లు కలిసి ప్రార్థన కూడా సరిగా కాకుండానే మట్టి చేశారు. నేను పోలేదు. భయపడ్డాను. ఆ మాట ఇప్పటికీ ఎవరితోనూ అనలేను.

దుకాణంలో ఆమె కరపత్రాలు ఒక కట్ట మిగిలిపోయింది. వెనక వైపు ఖాళీగా ఉందని వాటి మీదే ట్రయల్ ప్రింట్లు తీసేవాణ్ని. ఒకరోజు ఎవరిదో మరణ ధ్రువపత్రం నమూనా తీసి కాగితం తిప్పితే, చేతులు జోడించి అక్క నా వంకే చూస్తోంది. ఆ కట్టను బీరువాలో పెట్టి తాళం వేశాను.

నెలల తర్వాత లెక్కింపు పెట్టారు. ఆమె కౌంటింగ్ ఏజెంటును నేనే. ఆమె బతికున్నప్పుడే ఫారంలో నా పేరు రాసి ఇచ్చింది, నేనూ మాట ఇచ్చాను, అందుకే వెళ్లాను. ఓట్లు విడదీసి కట్టలు కట్టడం మొదలైంది. ఆమె గుర్తు మీద పడ్డ ఓట్ల కట్టలు పెరుగుతూనే ఉన్నాయి.

‘‘గెలిచిన అభ్యర్థి గారిని లోపలికి పిలవండి’’ అన్నారు అధికారి.

‘‘రాదు సార్.’’

‘‘ఏంది, బయట లేదా?’’

‘‘చనిపోయింది సార్. పోలింగైన నెలకే.’’

ఆయన పెన్ను ఆగింది. అయినా పద్ధతి పద్ధతే కదా, మైకులో ఆమె పేరు చదివి, ఎన్నికైనట్టు ప్రకటించారు. బయట వాళ్ల ఊరి జనం చప్పట్లు కొట్టబోయి ఆపేశారు. ఒక ముసలమ్మ మాత్రం పేరు వినగానే గేటు వైపు చూసింది, వస్తుందేమో అన్నట్టు.

సీటు ఖాళీ అని రాసుకున్నారు. ఎండాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆ ఊరి నుంచి ఒక గొర్రెల కాపరి పెద్దాయన, ముగ్గురు ఆడవాళ్లు నీళ్ల కోసం అర్జీ రాయించుకోవడానికి వచ్చారు.

‘‘ఎవరి పేరున రాయాలి మామా?’’

‘‘మా మెంబరమ్మ పేరున.’’

‘‘ఆమె లేదు కదా.’’

‘‘లేదని మాకు తెలీదా? మేం ఓటేసింది ఆమెకు. ఇంకెవరి పేరు చెప్పమంటావు?’’

ఆమె పేరు టైపు చేశాను. కింద నలుగురూ వేలిముద్రలు వేశారు. మండలాఫీసులో ఆ కాగితం తీసుకుని స్టాంపు వేసి ఇచ్చారట, పేరు ఎవరిదని ఒక్కరూ అడగలేదట.

వానలు మొదలయ్యేలోపు ట్యాంకరు వచ్చింది, వారానికి రెండుసార్లు.