అమ్మ ఒక్కతే ఎక్కిన బస్సు

మా చిన్నప్పుడు స్టుట్‌గార్ట్‌లో అమ్మ కాలు ఒకచోట నిలిచేది కాదు... నన్ను బడిలో దింపడం, భుజాన గుడ్డసంచీ తగిలించుకుని ట్రామ్ ఎక్కేయడం! కూరగాయల సంతకో, స్నేహితురాలింటికో... జర్మన్ సగమే వచ్చినా స్టాపులో ముసలమ్మలందరూ ఆవిడకి చుట్టాలే.

నా పదో ఏట నాన్నకి అమెరికా బదిలీ అయింది. ఊరూ పెద్దదే, ఇల్లూ పెద్దదే... కానీ నాన్న కారు తీసుకుని ఆఫీసుకి వెళ్ళారంటే అమ్మ ఇంట్లో బందీ.

బస్సు లేకపోలేదు... గంటకొకటి. స్టాపంటే గడ్డిలో పాతిన ఓ గుంజ, అంతే. నీడ లేదు, బల్ల లేదు, అక్కడిదాకా నడవడానికి కాలిబాటైనా లేదు. ఓసారి మేమిద్దరం ఎండలో నిలబడితే ఒకావిడ కారాపి, "ఏమైంది? సాయం కావాలా?" అని కంగారుగా అడిగింది. బస్సు కోసమంటే నమ్మలేదు పాపం!

నేను బడికెళ్ళిన రోజుల్లో ఆ బస్సంతటికీ అమ్మ ఒక్కతే...

కొన్నాళ్ళకి దాన్నీ తీసేస్తున్నారని తెలిసింది. ఊరి మీటింగుకి అమ్మ పట్టుచీర కట్టుకుని మరీ వెళ్ళింది. ఎక్కేవాళ్ళు లేరు, డబ్బు దండగ అన్నారు పెద్దలు. అమ్మ లేచి వచ్చీరాని ఇంగ్లీషులో, "గంటకొకటి వస్తే ఎవరెక్కుతారు? పది నిమిషాలకొకటి వేసి చూడండి" అంది. మర్యాదగానే విన్నారు. "ఇక్కడ అందరికీ కార్లున్నాయి కదా, మేడమ్" అన్నాడొకాయన.

తిరిగొస్తూ నాన్న కార్లో అమ్మ కస్సుమంది. "పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితేగానీ పిచ్చి కుదరదు! వీళ్ళ బస్సు సంగతీ అంతేనండీ!"

బస్సు ఆగిపోయింది. చేసేదిలేక అమ్మ డ్రైవింగ్ నేర్చుకుంది. లైసెన్సు వచ్చిన రోజున నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పింది.

"ఇంక ఎక్కడికైనా వెళ్ళొచ్చమ్మా!" అన్నాను సంబరంగా.

"వెళ్ళొచ్చు తల్లీ... పలకరిద్దామంటే దారిలో ఒక్క మనిషి లేడే" అంది. కళ్ళు తుడుచుకోవడానికి కారు పక్కకి ఆపింది. నాకూ ఏడుపొచ్చింది.

రెండేళ్ళకి స్టుట్‌గార్ట్ తిరిగొచ్చేశాం. ఇప్పుడు అమ్మకి చూపు తగ్గింది, కారు నడపొద్దన్నారు డాక్టరు. ఎస్-బాన్ లోకల్ రైలు ఆలస్యమని మేం రోజూ తిట్టుకుంటాం... ఆవిడ మాత్రం ఒక్కమాట అననివ్వదు. "వస్తుందిలే, తొందరేముంది!" అంటుంది. అక్కడే ఉండిపోయి ఉంటేనో? కారూ బస్సూ లేక అమ్మ మళ్ళీ ఇంట్లో బందీయే.

ఆ ఊళ్ళో మళ్ళీ బస్సు వేశారో లేదో తెలియదు... కారు నడపలేని అమ్మలు మాత్రం ఉండే ఉంటారు.

మీ ఊళ్ళోనూ అలా ఆగిపోయిన బస్సేదైనా ఉందా? అది ఎవరి కాళ్ళు కట్టేసిందో చెప్పండి...