మధ్య కయ్యకు ఏ వరి?

2022లో, వానకాలపు నార్లు పోసే రోజులవి. సత్యవేడు బస్టాండుకు దగ్గర్లో నాకు విత్తనాల అంగడి ఉంది. ఆ రోజుల్లో టీ తాగడానికి కూడా తీరిక దొరకదు. అయినా సరే, నాలుగు ప్రశ్నలు అడగందే ఎవరికీ బస్తా అమ్మను. వకీలు మాదిరి గుచ్చి గుచ్చి అడుగుతాడని నాకు ఊళ్ళో పేరుంది. ఆ పేరంటే నాకు ఇష్టమే.

మునిరత్నం, భార్య గోవిందమ్మతో కలిసి మొహం ముడుచుకుని వచ్చాడు. వాళ్ళకున్నది ఒకే ఒక్క కయ్య, అంటే వరిమడి.

"పోయిన తూరి వేరే అంగట్లో తెచ్చిన విత్తనం ముంచేసిందన్నా. ఈ తూరైనా మంచి సన్నరకం ఇయ్యి. ఇది గూడా పోయిందంటే కయ్య బీడు పెట్టేసి శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో వాచ్‌మన్ పనికి పోతా."

ఊరికే అన్న మాట కాదది. గోవిందమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. నాకు బాధేసింది. అయినా, విత్తనం మీద నేరం మోపితే నేను ఊరుకోను, అది ఎవరి అంగడిదైనా.

"మొలక బాగా వచ్చిందా?"

"వచ్చె."

"పిలకలు?"

"దండిగా."

"మరి ముంచింది ఏంది?"

"వాన. నిలబడిన వరి, కంకిలోనే మొలకలెత్తె."

"వానకు ముందే కోసుకోలేకపోయినావా?"

గోవిందమ్మే చెప్పింది. "పక్క కయ్యకు మిషను వచ్చినప్పుడు మాది ఇంకా పచ్చిగా ఉండెన్నా. పండినాక మిషను వచ్చేదానికి దారి లేకపాయె. ముందు కయ్య చెంచయ్య ఎప్పుడో కోసేసి, మళ్ళా దున్ని నాట్లేసుకునె."

నాకు విషయం అర్థమైంది. వీళ్ళ కయ్య మధ్యలో ఉంది, రోడ్డు పక్కది చెంచయ్యది. కొడవలి పట్టే మనుషులు ఇప్పుడు దొరకరు. కోత మిషను తమిళనాడు వైపు నుంచి వస్తుంది, పక్కవాడు కోసిన కయ్య మీదుగానే లోపలికి దిగాలి. నాట్లేసిన కయ్యలో దాన్ని ఎవరు దిగనిస్తారు? మా వ్యాపారంలో 'డ్యూరేషన్' అంటాం, విత్తినప్పటి నుంచి కోత దాకా పట్టే కాలం. చెంచయ్యది తక్కువ డ్యూరేషన్, మునిరత్నానిది ఎక్కువ. విత్తనం తప్పేమీ లేదు.

"ఈ తూరి చెంచయ్య ఏం పోస్తా ఉండాడు?"

"వాడికీ నాకూ మాటల్లేవు. గట్టు చెక్కి నా కయ్యలోకి జరిగినాడు."

"నేనడిగింది గట్టు సంగతి కాదప్పా."

"నా కయ్యలో ఏం పెట్టాల్నో వాడిని అడగాల్నా?" అంటూ సన్నరకం బస్తా మీద చెయ్యేశాడు. అది కూడా ఆలస్యంగా కోతకొచ్చేదే.

నేనూ దాని మీద చెయ్యేశాను. "ఇది నీకు అమ్మను."

"అంగడి పెట్టింది అమ్మేదానికా, బుద్ధులు చెప్పేదానికా?"

"రెండిటికీ."

అతను విసురుగా లేచాడు. గోవిందమ్మ లేవలేదు. "పొట్టిరకం పోస్తా ఉండారన్నా, తొందరగా వచ్చేది. పాలు పోసేకాడ చెంచయ్య పెండ్లాం చెప్పింది. మాకూ అదే ఇయ్యి."

"నాకు చెప్పలేదే?" అన్నాడు మునిరత్నం.

"ఆ పేరెత్తనిస్తే గదా."

అతను మళ్ళీ కూర్చున్నాడు. "లావు బియ్యం ఎవురు తింటారు?" అని గొణిగాడు.

"ముందు ఇంటికి రానీ, తినేది తర్వాత సూద్దాం," అంది ఆమె.

కోతనాడు అంగడి మూసి మరీ వెళ్ళాను. రెండు కయ్యలూ ఒకే రంగులో పండి ఉన్నాయి. మబ్బు పట్టింది. చెంచయ్య కయ్య కోసి మిషను గట్టు దగ్గర ఆగింది. చెంచయ్యను దారి అడగడానికి మునిరత్నానికి నోరు రాలేదు. మాటల్లేని మనిషిని ఎట్లా అడుగుతాడు? నేనే కల్పించుకుందామనుకున్నాను, ఇంతలో చెంచయ్య అతని వైపు చూడకుండానే డ్రైవర్‌కు చెప్పాడు.

"లోపలికి పోనీ అబ్బా. ఆ కయ్య గూడా పండిండాది."

మునిరత్నం పార తీసుకున్నాడు. ఏ గట్టు కోసం మాటలు మానేశాడో ఆ గట్టును తనే తెగ్గొట్టి మిషనుకు దారిచ్చాడు. వాన వచ్చేసరికి ధాన్యం పట్టల కింద భద్రంగా ఉంది. వాచ్‌మన్ పని ఊసు మునిరత్నం మళ్ళీ ఎత్తలేదు.

రకం ఎంచుకునేటప్పుడు రైతు నేల చూస్తాడు, నీళ్ళు చూస్తాడు, తినబోయే బియ్యం చూస్తాడు. గట్టవతల ఏముందో కూడా చూడాలని ఆ కయ్య నాకు నేర్పింది. ఇప్పుడు అంగట్లో నా మొదటి ప్రశ్న, "పక్క కయ్యలో ఏం పోసినారు?"

"వాళ్ళతో మాటల్లేవన్నా," అంటే, "మాట్లాడి రాపో, బస్తా తీసిపెడతా," అంటాను.