యాకన్న బస్సుకు కొత్త గాలిపైపులు

సుబేదారి చౌరస్తాలో సిగ్నల్ పడి బస్సు ఆగగానే, దాని కిందినుంచి సుస్సుమని గాలి వదిలిన చప్పుడు వస్తుంది. పక్కన నిలబడ్డవాళ్లు తల కూడా తిప్పరు. నాకు మాత్రం యాకన్న గుర్తొస్తాడు. ఆయన బస్సులో అప్పట్లో నేను కండక్టర్‌ని, అవసరం పడితే మెకానిక్‌ని. ఒకప్పుడు దూరప్రయాణాలు చేసిన బస్సు అది. ముసలిదయ్యాక యాకన్న కొని, తొర్రూరు వైపు పత్తి ఏరే కూలీలను తీసుకెళ్లేవాడు. దానికి బరువు మోసే ఇనుప కమాన్‌పట్టీలకు బదులు గాలి బెలూన్లు ఉండేవి. వాటికి గాలి అందించే సన్నటి పైపులు పగిలితే, రాత్రి నిలబెట్టిన బస్సు తెల్లారేసరికి ఒక పక్కకు కూర్చుండిపోయేది.

నేను బడి మధ్యలో మానేసినవాణ్ని. గ్రంథాలయంలో చదువుకున్నదే నా చదువు. దాన్ని ఎగతాళి చేయనివాడు యాకన్న ఒక్కడే. పైగా అందరితో, "మావోన్ని అడుగుండ్లి, పుస్తకాలు నమిలినోడు" అనేవాడు. చివరిసారి పైపులు పోయినప్పుడు కూడా ముందు నన్ను గ్రంథాలయానికే పంపాడు. "పుస్తకంల ఏమున్నదో చూసి రా తమ్మీ. దుకాణపోడు చేతికి దొరికింది అంటగడ్తడు."

అన్నట్టే, దుకాణదారు తెల్లటి పైపుచుట్ట ముందు పడేశాడు. "గిదే తీస్కో అన్నా. అందరు గిదే కొంటాండ్లు."

యాకన్న నావైపు చూశాడు. బయటి కొలత పాత పైపుతో సరిపోవాలని, వేడికీ నూనెకూ తట్టుకునే నైలాన్ కావాలని, వంచితే మడత పడకూడదని నేను చదివింది చెప్పాను. ఆయన ఆ పైపును వేలికి చుట్టాడు. వంపు దగ్గర అది చప్పున నలిగింది.

"సేటూ, ఇది నీ కూలర్‌కు పెట్టుకో. నా బస్సుల మనుషులు కూసుంటరు" అని నా భుజం మీద చెయ్యి వేశాడు. నా చదువుకు అంతకు మించిన పట్టా ఎవరూ ఇవ్వలేదు.

మంచి నైలాన్ పైపే తెచ్చుకున్నాము. పాతవి విప్పుతుంటే, బెలూన్ ఆనుకునే ఇనుప దూలాన్ని యాకన్న పానాతో తట్టాడు. తుప్పు పెచ్చులుగా రాలింది. మళ్లీ తట్టితే పానా లోపలికి దిగిపోయింది. పక్కనే పడుకున్న నేను ఆ చిల్లులో వేలు పెట్టి చూశాను.

"వెల్డింగ్ పెట్టిద్దామా అన్నా?"

"దేనికి అతుకుతవ్? ఇనుమేది? ఇగ జనాన్ని ఎక్కియ్యద్దు."

"మరి పైపులు వాపస్ ఇద్దామా?"

"బిగియ్. లేకుంటే తుక్కుకు గొలుసేసి గుంజుకపోతరు. నిలబడి పోనీ."

ఇంకా పదేళ్లు నడవబోయే బస్సుకు బిగించినట్టే బిగించాము. సైలెన్సర్ వేడి తగలకుండా పైపులను దూరంగా తిప్పాము. గాలి పోతుందేమోనని సబ్బునీళ్లు పూస్తే ఒక్క బుడగ లేవలేదు. తెల్లారి బస్సు నిటారుగా నిలబడి ఉంది.

"పెండ్లికొడుకు లెక్కున్నదే యాకన్నా!" అని నవ్వారు, ఎక్కడానికి వచ్చిన కూలీలు. ఆయన ఎవరినీ ఎక్కనివ్వలేదు. ఖాళీ బస్సును తానే నడుపుకుంటూ తుక్కు దుకాణానికి పోయాడు.

తర్వాత యాకన్న ఇంకే పనీ పట్టలేదు. తెల్లారగానే వచ్చి, బస్సు నిలబెట్టే ఖాళీ జాగా ముందు కూర్చునేవాడు. నేనూ పక్కన కూర్చునేవాణ్ని. పుస్తకంల ఏమున్నదని ఒక్కసారైనా అడుగుతాడేమోనని చూశాను. అడగలేదు. ఎండాకాలం దాటకముందే పోయాడు.

గ్రంథాలయానికి ఇప్పటికీ వెళ్తాను. దారిలో ఆగిన ప్రతి బస్సునూ, ఒక పక్కకు కూర్చుందేమోనని వంగి చూస్తాను. నిటారుగానే ఉంటుంది. అయినా లోపలి ఇనుము ఎలా ఉందోనని నాకు ధైర్యం రాదు.